పన్నెండు గీతలు

కెచ్కెమేట్‌లో ఆ చలికాలం
మా స్టూడియో హీటరు మూలిగేది, వేడెక్కేది కాదు.
ఉన్ని తొడుగులకు వేళ్ల చివరలు కత్తిరించుకుని
బాతు నడకకు నడిమి బొమ్మలు వేస్తున్నాను.

ఈక ఈకా గీశాను.
మెడ కింద నీడ, కాళ్ల కింద బురద,
బురదలో ఓ మబ్బు తునక కూడా.
పిరోష్కా గారు చూశారు. ఏమీ అనలేదు.
నా అరచేతిలో రబ్బరు ముక్క పెట్టి
టీ కాచుకోడానికి వెళ్లిపోయారు.

మబ్బు పోయింది. బురద పోయింది.
ఈకలు తుడుస్తుంటే
కూరకి బాతును పీకుతున్నట్టే ఉంది.
చివరికి పన్నెండు గీతలు.
అందులో ఒకటి వణికింది,
ఆ చలి నాది.

కాగితాల దొంతర బొటనవేలితో జారవిడిచాను.
నేల తుడుస్తున్న ఎటెల్కా చీపురు ఆపి
"పాపం, దానికి ఎడమకాలు నొప్పి" అంది.

నేను నొప్పి గియ్యలేదు.
ఆరో కాగితం మీద ఆ కాలిని
ఆవగింజంత ఆలస్యంగా దించానంతే.

పిరోష్కా గారు కప్పు పట్టుకుని వచ్చి
చాలాసేపు చూశారు.
"ఇంకా ఒకటి ఎక్కువుంది" అన్నారు.
ఏదో చెప్పలేదు.

బాతు నా సొరుగులోనే ఉంది, కుంటుతూ.
అప్పుడప్పుడు తీసి
ఒక్కో గీతా వేలితో మూసి చూస్తాను.