ఒంటి తుమ్ము

మార్చిలో గాలి యార్డు వైపు నుంచి తిరిగిందంటే
గోరంట్ల దాకా మిరపఘాటే.
కిందున్నవాళ్ళం కొంగో రుమాలో అడ్డం పెట్టుకుంటాం.
తొమ్మిదో అంతస్తు అంచున
రెండు చేతులా రాడ్లు పట్టుకున్నవాడు
ముక్కుకి ఏం అడ్డం పెట్టుకుంటాడు?

నాది స్టోరు. రేకుల గది, ఒక బల్ల,
స్కేలుతో గీతలు కొట్టిన లాంగుబుక్కు:
బెల్టు నంబరు, తీసుకున్నవాళ్ళు, తిరిగి ఇచ్చింది, టైము.
ముప్పై ఒక్కమందికి పందొమ్మిది బెల్టులు.
ఈ లెక్క కుదరదని మూడుసార్లు రాసిచ్చాను,
మూడుసార్లూ టీ తెప్పించారు.

తవిటినాయుడిది పాలకొండ అవతల.
బెల్టు కట్టుకుంటాడు గానీ
హుక్కు తెచ్చి తన నడుముకే తగిలించుకుంటాడు.
"నిన్ను నువ్వే పట్టుకుని వేలాడతావా?" అంటే
"తాడు కాళ్ళకడ్డం పడతాది స్టోరమ్మా, మేస్త్రీ తిడతాడు"
అని నవ్వేవాడు.

ఆవేళ ఎందుకో పై దాకా వెంటపడ్డాను.
"తగిలించు, చూసి పోతాను."
నా పోరు పడలేక తగిలించాడు.

పదిన్నరకి గాలి తిరిగింది.

ఒక్క తుమ్ము.
ఒంటి తుమ్మైతే మా ఇంట్లో గడప దాటనివ్వరు,
కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళమంటారు.
అక్కడ గడపేది?
కూర్చునే చోటేది?

ముందు చెప్పు పడింది,
ఇసక కుప్ప మీద, చప్పుడు లేకుండా.
మనిషి కోసం ఇసకలోనే వెతికాం.
తల పైకెత్తాలని ఎవరికీ తోచలేదు.

అంచుకి ఆరడుగుల కింద
తాడు చివర గుండ్రంగా తిరుగుతున్నాడు,
రెండో తుమ్ముకి నోరు తెరుచుకుని.

లాగారు. నీళ్ళు తాగాడు.
తొడల మీద పట్టీల వాతలు తడుముకుని
"కొరికీసింది స్టోరమ్మా నీ బెల్టు" అన్నాడు.
చేతులు వణికింది నాకు.

సాయంత్రం ఏడో నంబరు నా బల్ల మీదికొచ్చింది.
కుట్టు దగ్గర నాలుగు పోగులు లేచాయి, అంతే.
"తుమ్మితే ఊడే ముక్కుని పైకెందుకెక్కించారు?" అని
సూపర్‌వైజరు నవ్వాడు.
"ఉతికి ఆరెయ్, కొత్తది పద్దెనిమిది వందలు."
ఒకసారి మనిషి బరువు మోసిన బెల్టు
రెండోసారి మోస్తానని మాటివ్వదు.

కత్తెరకి తెగలేదు.
రాడ్లు కోసే మిషను దగ్గరికి పట్టుకెళ్ళి
మూడు ముక్కలు చేశాను,
ఇంకెవరూ కట్టుకోకుండా.
డబ్బులు నా జీతంలో పట్టుకోమన్నాను.

లాంగుబుక్కులో ఏడో నంబరు ఎదురుగా
తీసుకున్నవాళ్ళు: ఎం. తవిటినాయుడు.
తిరిగి ఇచ్చింది అన్న గడిలో
ఏం రాయాలో కాసేపు తెలియలేదు.
'మనిషిని' అని రాసి
టైము వేశాను.