అచ్చు

రాత్రి తొమ్మిది దాటాకే ఆ స్కానరు మాకిస్తారు,
పగలంతా అది మోకాళ్ళదీ వెన్నుపూసలదీ.
తార్తులో ఫిబ్రవరి. ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గర
బూట్ల మంచు దులుపుకుని లోపలికొచ్చాడు ఊదో,
సారెమా దీవికి వెళ్ళే పడవలో ఇంజను చూసేవాడు.
ఒంటిమీద లోహం ఉండకూడదంది హెల్వె.
బెల్టు తీశాడు. పెళ్ళి ఉంగరం సబ్బు రాస్తే గానీ రాలేదు.

వెల్లకిలా పడుకోబెట్టి ఒకటే అచ్చు పలకమన్నాం,
తొమ్మిది సెకన్లు, కదలకుండా.
దాన్ని రాయడానికి నా దగ్గర గుణింతం లేదు:
ఒ అనబోయి, పెదవులు సున్నా చుట్టేలోగా
మనసు మార్చుకుంటే వచ్చేది.
స్కానరు డబడబల్లో తన గొంతు తనకే వినపడదు,
పడుకున్న నాలుక తన బరువుకి తనే వెనక్కి జారుతుంది.
అయినా పట్టుకున్నాడు,
గాలిలో తాడు పట్టుకున్నట్టు.

తెర మీద గొంతు, నిలువునా కోసిన దోసకాయ.
పళ్ళు మాత్రం లేవు.
తడి లేనిదేదీ దాని కంటికి ఆనదు,
పన్నూ గాలీ ఒకటే నలుపు.
విడిగా మూస తీసి అతికించాలి.
"నాలుగు ఊడిపోయాయి, ఎలాగూ పెడుతున్నారుగా,
అవీ పెట్టెయ్యండి," అన్నాడు.
పెట్టలేదు.

మూడు వారాలకి గొంతు అచ్చయి వచ్చింది.
తెల్లటి ప్లాస్టిక్ గొట్టం, జానెడుకి తక్కువ,
కంఠం కొసన చిన్న స్పీకరు.
మీట నొక్కితే ఇటు తుమ్మెద రొద,
అటు చేరేసరికి అచ్చు.

మేమడిగిన అచ్చు కాదు.
నాలుక ముందుకొచ్చింది, పెదవులు సున్నా చుట్టేశాయి.
డేటా తప్పు, తీసేద్దామన్నాడు రైకో.
హెల్వె మళ్ళీ మీట నొక్కింది. ఇంకోసారి.
"మా అమ్మమ్మ ఇలాగే అనేది.
దీవిలో ఆ అచ్చు లేదు. ఇదే ఉంది."
ఫైలు పేరులో తప్పు అన్న మాట చెరిపి
సారెమా అని కొట్టింది.

ఊదో వచ్చి విన్నాడు.
గొట్టం నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు, తీశాడు.
వా అంది. మళ్ళీ పెట్టాడు.
"వెచ్చగా లేదు," అన్నాడు.
గోడలు మరీ గట్టివని చెప్పాను.
కండైతే ధ్వనిని కొంత తాగేస్తుంది,
ఇది పుట్టిందంతా బయటికి పంపేస్తుంది, అందుకే
ఆ గంట మోత.

"మింగడం రాదన్నమాట," అన్నాడు
మఫ్లర్ చుట్టుకుంటూ.
తర్వాత రేవుకి బస్సు ఎన్నింటికని అడిగాడు.