వేళ్లు లేనోళ్ల సావిడి

బేతంచెర్ల దాటి, నాపరాయి గనుల తెల్లదుమ్ము దాటి
వంక అవతల ఉంది.
ఊరిగాలి అటు పోతుంది,
అటుగాలి ఊరికి రాదు. చూసే కట్టారు.

మా ఆఫీసు కాగితంలో దానికి పేరు లేదు.
శిథిల మండపం, స్తంభాలు పదహారు, నిలబడినవి తొమ్మిది.
మేకలు తోలే ఉసేనమ్మ మాత్రం
"వేళ్లు లేనోళ్ల సావిడి సార్ అది" అని
కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది,
ఐదొందల ఏళ్ల కిందటి ఊపిరి ఇంకా అంటుతుందన్నట్టు.

టేపు పట్టి కొలిచాను.
మెట్టు ఎత్తు నాలుగంగుళాలు.
ఏ గుడికీ ఇంత పొట్టి మెట్లు చూళ్లేదు నేను.
దీపం గూడు మోకాలి దగ్గర.
గోడలో బెత్తెడు కంత, లోపలికి వాలుగా:
అంబలి పోసే దోవ.
పోసే చేతికి తాగే మొహం కనపడదు.
ఆ వాలు ఎంత నున్నగా ఉందంటే
వేలు పెట్టి, వెంటనే తీసేశాను.
తీసేసినందుకు కాసేపు అక్కడే నిలబడ్డాను.

శాసనం సగం పెచ్చులూడింది.
రెండు పుట్ల కొర్రలు... ఆచంద్రార్కం...
చివర తిట్లు మామూలే,
ఈ ధర్మం చెరిపినవాడు
గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోవును.
వేరే రాళ్ల మీద దాని పక్కనే చదివిన ఇంకో శాపం,
పెద్దరోగాన పడును అనేది,
ఇక్కడ లేదు.
జాగా ఉంది. చెక్కలేదు.

బావి లేదు. గిలక లేదు. తాడు ఒరిసిన గీతల్లేవు.
గుట్టలోంచి ఊట రాతిదోనెలోకి దిగుతుంది,
దోనె కొసన రొమ్మెత్తున ఒక తూము,
తూముకు అడ్డంగా ఒక మొండిరాయి.
ప్రయోజనం తెలియదు, అని రాసుకున్నాను.

నా వెంట టేపు రెండో కొస పట్టే మద్దిలేటి.
ఆరేళ్ల కిందట పాలిష్ మిల్లులో రంపం
కుడిచేతి నాలుగు వేళ్లూ తీసుకుంది.
దప్పికై లేచాడు.
ఎవరూ చెప్పలేదు అతనికి,
మోచేత్తో ఆ మొండిరాయిని పక్కకు నెట్టాడు,
రోజూ నెట్టేవాడి మాదిరి.
నీళ్లు నేరుగా నోట్లోకే.

"బాగ కట్నాడు సార్" అన్నాడు
భుజంతో మూతి తుడుచుకుంటా,
"నా అట్లోడెవడో పక్కన్నే నిలబడి సెప్పింటాడు."

రాసింది కొట్టేశాను.
మళ్లీ ఏం రాయాలన్నా
ఆ గడి రెండు వేళ్ల వెడల్పే.

రాయి మళ్లీ మూయడం ఇద్దరికీ చేతకాలేదు.
నీళ్లు మెట్ల మీదుగా పోతున్నాయి.
మేకలు దిగొచ్చాయి.
ఉసేనమ్మ అదిలించలేదు.