నిన్నటంతే

సముద్రం లేని దేశం మాది.
అయినా మెట్ల మీద ఎదురుపడితే
"అహోయ్" అనుకుంటాం, ఓడల్లో పుట్టి పెరిగినట్టు.
ఓస్ట్రావాలో, పంటి డాక్టరు గది బయట
నాలుగు వందల లీటర్ల సముద్రం ఒకటుంది.
ఇప్పుడు దానికి నేను కాపలా.

నాకు ముందు ఒటకర్ చూసేవాడు.
మోకాళ్లు మొరాయించాక
గొట్టాలూ, తెడ్డూ, గళ్ల నోటుబుక్కూ
నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.
పదకొండేళ్ల పుస్తకం. తెరిచి చూద్దును కదా,
తేదీ, ఉప్పు ముప్ఫై అయిదు, క్షారం ఎనిమిది,
పక్కన ఒకటే మాట: నిన్నటంతే.
పేజీ తిప్పితే నిన్నటంతే. ఇంకో పేజీ. అదే.
ఈ మనిషికి ఆదివారాలైనా ఉండేవా అనుకున్నాను.

నవంబరులో ఉప్పు నిండుకుంది.
ఆయన వాడేది బూడిదరంగు బకెట్టు,
మూత మీద చేప బొమ్మయినా లేదు.
దుకాణంలో దాని పక్కనే బంగారు మూతది:
కాల్షియం ఎక్కువ, మెగ్నీషియం ఎక్కువ,
పగడాల రంగు రెట్టింపు, ధర ముప్పాతిక.
ఎక్కువ అన్న మాటకు లొంగనిదెవరు?
కొన్నాను.
డిసెంబరులో ఇంకో కంపెనీది, పండగ తగ్గింపులో.
జనవరిలో మళ్లీ బంగారు మూతే,
బ్యాచి నంబరు మాత్రం వేరు.
కలిపి రాత్రంతా వదిలేస్తే
తెల్లారేసరికి బకెట్టు గోడలకు సున్నం.

ఉప్పు ఉప్పే కదా, అనుకున్నాను.
లోపలివాళ్లకు ఎవరో ముందే ఉప్పందించినట్టుంది,
నేను తెడ్డు కడిగేలోపే
సుత్తి పగడం వేళ్లన్నీ ముడుచుకుంది.
కొమ్మ పగడం కొసలు
గోళ్లలా తెల్లబడ్డాయి.
పన్ను పీకించుకోడానికి వచ్చిన పిల్లాడొకడు
అద్దానికి ముక్కు ఆనించి
"వీటిని కూడా పిలుస్తారా లోపలికి?" అని అడిగాడు.

ఒటకర్ ఇంటికి వెళ్లాను. నాలుగో అంతస్తు.
తిట్టలేదు. టీ పెట్టాడు, పంచదార మరిచిపోయాడు.
ఇరవై ఏడేళ్లు గనిలో ఉన్నాడట,
బొగ్గు తవ్వింది ఒక్క రోజూ లేదట.
గాలి కొలిచేవాడు.
అందరికంటే ముందు దిగి, గ్యాసు ఎంతుందో చూసి,
ఫోను తిప్పి పైకి చెప్పాలి.
"ఎక్కువ అంటే ఎవడూ దిగడు.
తక్కువ అన్నా నమ్మరు, మళ్లీ కొలవమంటారు.
నిన్నటంతే అన్నానా,
బోను కిందికి కదిలేది.
నూట నలభై మంది."
కప్పు అడుగు చూస్తూ కాసేపు ఊరుకున్నాడు.

తర్వాత పని మాటలు.
బకెట్టు తెరిచేముందు నేల మీద దొర్లించు.
లారీ కుదుపులకు బరువైనవి అడుక్కి చేరతాయి,
పై చెంచాలో ఒక సముద్రం, అడుగు చెంచాలో ఇంకోటి.
గుప్పెళ్లు వద్దు, తూకం వెయ్యి:
లీటరుకు ముప్ఫై ఎనిమిది గ్రాములు.
తేమ తగలనివ్వకు.
"అంతకంటే మంచి ఉప్పు లేదా?" అన్నాను.
"మంచిదేదో ఎవడికి తెలుసు?
వారంలో రెండోసారి ఆ మెట్లు నన్ను ఎక్కించనిది
అదొక్కటే."

శనివారం, మూసిన క్లినిక్కు నడవాలో
బూడిదరంగు బకెట్టు దొర్లించాను
ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్లీ వెనక్కి.
కింది అంతస్తు దర్జీ ఆవిడ పైకొచ్చి
ఉరుముతోందా అని అడిగింది.
పదోవంతు నీళ్లు తీశాను, పదోవంతు పోశాను,
పై వారం మళ్లీ అంతే.

క్షారం తొమ్మిదిన్నర. తొమ్మిది. ఎనిమిదీ ఏడు.
సుత్తి పగడం ఒక వేలు చాపింది,
తలుపు సందులోంచి వీధిలోకి చూసినట్టు,
మళ్లీ లాక్కుంది.
కొమ్మ పగడం రెండు కొసలు బతకలేదు,
వాటి మీద ఇప్పుడు నాచు.

ఆ మాట రాయడానికి
మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.
ఒటకర్ చేతిరాత కింద, నా చేతిరాతలో,
పెన్సిలు రెండుసార్లు చెక్కుకుని రాశాను.
ఆ రోజు ఆదివారం.