గొర్రె సాక్ష్యం

కార్డిఫ్‌లో వాన మొదలవడమంటూ ఉండదు,
ఆగడమే, అదీ ఎప్పుడైనా.
అలాంటి ఒక సోమవారం
కథేస్ పార్కు ఆఫీసు నాలుగో అంతస్తులో
రిపేరువాళ్ళు ఎంతకీ రాకపోతే
మా ఇంటి స్క్రూడ్రైవరు తెచ్చి
ఒక తలుపుకి పలక బిగించాను.
పై వరుస వెల్ష్‌లో, కింది వరుస ఇంగ్లీషులో:
కౌన్సెల్ జనరల్.
అంటే వేల్స్ ప్రభుత్వానికి పెద్ద వకీలు.

నిన్నటిదాకా అది జిరాక్సు గది.
గోడకింకా సిరా వాసన. కుర్చీ పక్క సెక్షన్‌ది, అరువు.
సొంతంగా చట్టం చేయలేని అసెంబ్లీ మాది.
ఆలు లేదు చూలు లేదు, వకీలు మాత్రం వచ్చాడని
మెట్ల మీద నవ్వినవాళ్ళలో
నేనూ ఉన్నాను, నెస్టా ప్రొథెరోని,
రికార్డుల గుమస్తాని.

లండన్‌లో ఆ కొలువుకి వందల ఏళ్ళు.
విగ్గులూ, గోడల నిండా నూనెరంగుల ముఖాలూ.
మాది పాలపళ్ళు రాని కొలువు.
మొదట జీతానికి ఒక ఉద్యోగి, అంతే.
ఎనిమిదేళ్ళకి చట్టంలో ఒక సెక్షను దొరికింది,
మంత్రుల బల్ల చివర కాస్త చోటు దొరికింది.
కుర్చీ మాత్రం అదే.

మా ముత్తాత ఎడ్నివెడ్ మీద గొర్రె కేసు
మా ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కీ మళ్ళీ విచారణకొస్తుంది.
పొరుగువాడి చెవిగాటున్న గొర్రె
మా దొడ్లో దొరికింది.
కోర్టుది ఇంగ్లీషు. ఆయనకి రాదు.
దుబాసీని పెట్టి, కూలి ఆయన ఖాతాలోనే రాశారు.
గొర్రె నీ దొడ్లో ఉందా?
ఉంది.
చెవిగాటు చూశావా?
చూశాను.
నువ్వే తోలుకొచ్చావా?
తోలుకురాలేదు, అదే వచ్చింది.

వెల్ష్‌లో అవునుకి ఒకే మాట లేదు.
ప్రశ్నలోని క్రియే
జవాబై వెనక్కి తిరిగొస్తుంది.
దుబాసీకి నాలుగున్నర రైలు అందుకోవాలి.
ఉన్నదీ చూసిందీ రానిదీ
అన్నీ ఒక్క మూటగట్టి
"యెస్" అన్నాడు.
జరిమానా పదిహేను షిల్లింగులు,
ఆ ఒక్క మాటకి ఏడు.
మర్నాడు పొద్దున్నే
గొర్రె మళ్ళీ మా దొడ్లో ఉంది.

చట్టాలు చేసే రోజు వచ్చాక
మా మొదటి బిల్లు ఏ సింహాసనాన్నీ కదపలేదు.
ఊళ్ళ చిల్లర నిబంధనలు:
కుక్కకి గొలుసు, పార్కు గేటుకి వేళ,
అలాంటివి ఎవరు ఖాయం చేయాలన్న సంగతి.
రాణి సంతకం పడకముందే
లండన్ పెద్ద వకీలు దాన్ని సుప్రీంకోర్టు మెట్లెక్కించాడు:
వీళ్ళకా అధికారం ఉందా?
పన్నెండు అట్టపెట్టెలు లిఫ్టులో నేనే దించాను.
బిల్లు రెండు భాషల్లో ఉంది.
ఒకటి మూలం, ఒకటి నకలు కాదు;
కవలలు, ఎవరు ముందు పుట్టారని అడగకూడదు.
తీర్పు రోజు ఎవరూ కేకలెయ్యలేదు.
ఎవరో బిస్కెట్ల డబ్బా తీశారు.
జవాబు ఇంగ్లీషులోనే వచ్చింది,
నా చెవికి మాత్రం ముత్తాత గొంతుతో:
ఉంది.

ఆ గదిలో ఏం సలహా ఇచ్చారో బయటికి చెప్పకూడదు,
అసలిచ్చారో లేదో కూడా చెప్పకూడదు.
కాబట్టి ఇది నేను వినలేదు.
కొండవాలు మీద పాత బొగ్గుగుట్ట,
కింద స్కూలు, వారమంతా వాన.
మంత్రి గొడుగు ముడవకుండానే లోపలికొచ్చాడు.
మనం కదిలించొచ్చా? అవునా, కాదా?
ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంది.
ఏ ప్రశ్నకి?
గుట్ట తవ్వడానికా,
తవ్వడానికి పరాయివాడి నేల తొక్కడానికా,
ఖర్చు ఎవరి ఖాతాలో రాయడానికా?
మంత్రి గొడుగు కార్పెట్ మీద కారుతూనే ఉంది.
అప్పుడు నాకర్థమైంది
ఆ కుర్చీ ఎందుకో:
మూటని విప్పడానికి,
రైలు వేళైనా సరే.

పోయిన నెల రిటైరయ్యాను.
నిన్న ఆఫీసు నుంచి ఫోను.
పలక ఒక వైపు జారిందట,
రిపేరువాళ్ళు ఎంతకీ రావట్లేదట.
నెస్టా, ఆ స్క్రూడ్రైవరు నీ దగ్గరుందా?

ఉంది, అన్నాను.