ధరల కాగితం

సాయంత్రం ఏడింటికి లెర్విక్ రేవు వదిలితే
తెల్లారి ఏడింటికి అబర్దీన్.
మధ్యలో పన్నెండు గంటల సముద్రం,
నా టీ కొట్టు.

గొర్రెల వ్యాపారులు, చమురు బావుల కుర్రాళ్ళు,
పెళ్ళిళ్ళకి పోయేవాళ్ళు, పంటినొప్పి వాళ్ళు.
ఎవరెందుకు వెళ్తున్నారో
వాళ్ళు వేసుకునే చక్కెరే చెబుతుంది నాకు.
ఆమె సంగతి మాత్రం మొదటి రెండు ప్రయాణాల్లోనూ అంతుపట్టలేదు.

మూడోసారి నీలం సంచీ ఒకటి గల్లా మీద పెట్టి
"మీ ఫ్రిజ్‌లో కాస్త చోటుంటుందా?" అంది.
పాల డబ్బాలకీ పొగబెట్టిన చేపలకీ మధ్య ఇరికించాను.
లోపలేముందని అడగలేదు.
చీటీ మీద పేరుంది: ఓస్లా ఇంక్‌స్టర్.
తొమ్మిదింటికి ఆమె ఫోను మోగింది.
సంచీ తీసుకుని బాత్రూమ్‌లోకి వెళ్ళింది.
ఓడ ఒక పక్కకి ఒరిగి ఉందావేళ.
ఒరిగిన ఓడలో నిటారుగా నిలబడి
తన పొట్టలో తనే సూది ఎలా దించుకుందో,
తిరిగొచ్చి టీ తాగింది. కప్పు తొణకలేదు.

చేపల వేలంలో పద్దులు రాసే మనిషి.
లెక్క తప్ప మాట రాదు.
ఒక తిరుగు ప్రయాణంలో బల్ల వంక చూస్తూ అంది:
"తొమ్మిది గుడ్లు తీశారు.
ఆరు నిలిచాయి.
మూడో రోజుకి రెండు.
ఐదో రోజుకి సున్నా."
కూడికకి కింద గీత గీసినట్టు
చూపుడువేలు బల్ల మీద అడ్డంగా లాగింది.

నాకు నలుగురు. నాలుగోవాడు వద్దనుకున్నాక పుట్టాడు.
ఆ సంగతి ఈ ఓడలో ఎవరికీ చెప్పను.
గల్లాపెట్టె మీద మా మనవడి ఫొటో ఉండేది,
బోసినోటితో, చెంచా పట్టుకుని.
ప్రయాణికుల జాబితాలో ఆమె పేరు కనపడిన రాత్రి
దాని మీద ధరల కాగితం అతికించేదాన్ని.
ఆరేళ్ళలో టీ ధర మూడుసార్లు పెరిగింది.
కాగితం మారింది, కింద వాడు అలాగే ఉన్నాడు.

మొగుడు లౌరీ ఒక్కోసారి వచ్చేవాడు.
వానలో కూడా పై డెక్కు మీదే నిలబడేవాడు.
ఒకసారి రెండు టీలు అడిగి, ఒకటి తాగి,
రెండోది చల్లారేదాకా చూసి
"అంతా దేవుడి చిత్తం అంటోంది మా అమ్మ.
మరి అప్పు ఎవరి చిత్తమో" అని వెళ్ళిపోయాడు.

ఈ జూన్‌లో,
చీకటే పడని మా రాత్రుల్లో ఒకటి.
సముద్రం పళ్ళెంలో పోసిన పాలలా కదలకుండా ఉంది.
నీలం సంచీ లేదు.
ఫిబ్రవరి తుఫానుల్లో,
వంటవాడే బకెట్టు కౌగిలించుకున్న రాత్రుల్లో
ఒక్కసారీ వాంతి ఎరగని ఓస్లా
టీ వాసనకి ముక్కు మూసుకుని పరిగెత్తింది.

కాగితం సంచీ పట్టుకుని వెనకే వెళ్ళి
తలుపవతల నిలబడ్డాను.
ఏమనాలో తెలియక "అలలు..." అన్నాను.
లోపల్నించి నవ్వు,
వాంతికీ వాంతికీ మధ్య.
"ఏడో వారం" అంది. "రేపు స్కానింగ్.
గుండె కొట్టుకుంటోందో లేదో చూస్తారు.
అప్పటిదాకా మీరేమీ అనకండి."

అనలేదు. ఉప్పు బిస్కెట్లిచ్చి డబ్బు తీసుకున్నాను.
తీసుకోకపోతే అన్నట్టే అయ్యేది.

మర్నాడు సాయంత్రం అదే ఓడ, వెనక్కి.
జాబితా చూశాను. కాగితం అతికించాను. అలవాటు.
ఆమె వచ్చిందని తెలిసీ తల ఎత్తకుండా
తుడిచిన బల్లే తుడుస్తున్నాను.
చెయ్యి చాచింది.
ధరల కాగితం మూల గోటితో లేపింది,
ఎక్కడ అంటించి ఉందో ముందే తెలిసినట్టు.

"ఎన్ని పళ్ళొచ్చాయి వీడికి?"

"వచ్చినవి ఊడుతున్నాయమ్మా.
బడికెళ్తున్నాడు."

వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టబోయింది.
సగంలో ఆపేసింది.