పడవల ఐదు వేరు

పగలంతా నా పని కాటా దగ్గర.
పెట్టెకి ఇరవై కిలోల సాల్మన్.
రష్యన్‌లో లెక్క, రష్యన్‌లో సంతకం.
సాయంత్రం ఏడింటికి
చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని
మూడో అంతస్తులో ఫెదోస్యా తలుపు కొడతాను,
నలభై రెండేళ్ళొచ్చాక
మా నివ్ఖ్ భాషలో ఒకట్లు నేర్చుకోడానికి.

ఐదుని ఏమంటారని అడిగాను మొదటిరోజు.
పళ్ళసెట్టు గ్లాసులోనే ఉంది, బోసిగా నవ్వింది.
"ఏ ఐదు?"

పడవల ఐదు వేరు,
మంచుబళ్ళ ఐదు వేరు.
మనుషుల ఐదు, కుక్కల ఐదు
ఒకే పొయ్యి పక్కన పడుకున్నా ఒకే మాటలో ఇమడవు.
వలలకో ఐదు ఉంది,
వలకుండే కళ్ళకి ఇంకొకటి.
ఎండుచేపల కట్టలకొకటి,
బారలు చాచి కొలిచే తాడుకొకటి.
ఉత్త ఐదు,
దేన్నీ అంటిపెట్టుకోని ఐదు
ఎలా ఉంటుందో ఆమెకి ఊహకందదు.

బోర్డింగు బళ్ళో అడిగారట:
ఐదు పడవలూ ఐదు కుక్కలూ కలిపితే ఎంత?
కలవవు, అంది ఎనిమిదేళ్ళ పిల్ల.
ఐదుకి రెండు మార్కులేసి
గోడవైపు నిలబెట్టారు.
"ఆ గోడ రంగు కూడా గుర్తుంది. పచ్చ."

నోటుపుస్తకంలో గళ్ళు గీశాను.
నిలువు వరసలు ఇరవై దాటేసరికి
పేజీ చాల్లేదు, పాత కేలెండరు వెనక్కి తిప్పాను.
కొన్ని శబ్దాలు గొంతు అడుగునుంచి,
ముల్లు దిగిన చోటునుంచి రావాలి.
నాకు దగ్గొస్తుంది.
"దగ్గు కాదది, దగ్గరికొచ్చావు" అంటుంది.

మంచుబళ్ళ వరసలో ఆరు దాకా చెప్పి ఆగిపోయింది.
కిటికీలోంచి చూసింది.
ఒఖోత్స్క్ గాలి. మంచులో కూరుకుపోయిన జీపు.
"ఏడు బళ్ళు ఒక్కసారి ఎక్కడ చూశాను గనక" అని
టీ పోసింది.
మూడు వారాల తర్వాత, అర్ధరాత్రి రెండింటికి
ఫోను మోగింది.
హలో లేదు, ఏమీ లేదు.
ఒక్క మాట చెప్పి పెట్టేసింది.
చీకట్లో పెన్సిలు వెతుక్కుని
ఖాళీ గడిలో ఏడు రాసుకున్నాను,
చేతులు వణికాయి, చలికే అనుకుంటాను.

మర్నాడు కాటా దగ్గర
"పెట్టెలు: 5" అని రాయబోయి కలం ఆగింది.
మేస్త్రీ అరిచాడు. రాశాను.

మార్చిలో ప్రొకోపీ పోయాడు.
ఈ ఊళ్ళో ఫెదోస్యాతో ఆ మాటల్లో
తగువు పెట్టుకోగలిగినవాడు అతనొక్కడే.
పొగాకు బాకీ గురించి పదేళ్ళు తిట్టుకున్నారు.
శ్మశానం నుంచొచ్చి ఆమె బూట్లు విప్పలేదు.
తన వైపు వేలు చూపించుకుని
మనుషుల వరసలోంచి
మొదటి మాట పలికింది.
ఒక్కతె.
తర్వాత ఏం చెప్పలేదు.

నేను తడుముకున్నాను.
క్రియ ముందొచ్చిందో, వెనకొచ్చిందో,
గొంతు అడుగున ముల్లు కదిలింది.
వాడు నీకు పొగాకు బాకీ కాదు,
నువ్వే వాడికి, అన్నాను,
లేదా అలాంటిదేదో అన్నాను.

ఆమె నాకేసి చాలాసేపు చూసింది.
"అబద్ధం!" అంది, మా భాషలోనే,
బల్ల గుద్ది.

అప్పుడు నన్నూ తన్నూ వేలితో చూపిస్తూ
లెక్కపెట్టింది.
ఇద్దరం అనలేదు.
చేతితొడుగుల్నీ బూట్లనీ కళ్ళనీ లెక్కించే వరసలోంచి
ఒకటి, అంది.
ఒక జత.

కేలెండరు తీసి చూపించాను,
మనుషుల వరస ఇది కదా, తప్పు చెప్పావని.

"నీకింకా లెక్కలు రావు" అంది ఫెదోస్యా,
బూట్లు విప్పుకుంటూ.